పద్మకు ఫిట్స్ లేవని చెప్పింది నేనే

ఫోన్ మోగితే నాకు ఒళ్ళు చల్లబడుతుంది. పదేళ్ళు దాటింది ఇలా మొదలై. కుప్పం నుంచి వచ్చిన ఫోనైతే మరీ. తెర మీద చెల్లెలి పేరు కనబడగానే, ఎత్తేలోపు ఒక్క క్షణం, ఇవాళ వాళ్ళకు తెలిసిపోయింది అనుకుంటాను. ఎత్తితే అవతల ఆమె రామకుప్పంలో వాళ్ళ రాగి చేలో ఏనుగులు పడిన సంగతో, పక్కింటివాళ్ళ కుక్క సంగతో చెబుతుంది. నేను ఊపిరి వదులుతాను. అలా వదిలినందుకు నా మీద నాకే రోత పుడుతుంది.

నన్ను ఎరిగినవాళ్ళెవరూ నేను భయస్తురాలినంటే నమ్మరు. మదనపల్లెలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ప్రిన్సిపాల్ నాతో మాట్లాడే ముందు గొంతు సవరించుకుంటాడు. టమోటా లారీ రోడ్డుకు అడ్డం పెడితే ఆటో దిగి మరీ డ్రైవరుతో వాదిస్తాను. ఉన్నమాట మొహం మీదే అనేస్తాను, నాకు దాపరికాలు లేవు అని ఎన్ని చోట్ల చెప్పుకున్నానో. ఆ మాట అనే మనిషిని నమ్మకండి. దాపరికం లేని మనిషికి అలా చెప్పుకు తిరగాల్సిన పనేముంది?

దాచిందేమిటో ముందే చెప్పేస్తాను. లేకపోతే మీతో కూడా వాదనకు దిగి అసలు సంగతి ఎగ్గొడతాను. మా చెల్లెలు పద్మకు గుండె ఆపరేషన్ చేసే ముందు మత్తు డాక్టరు ఒక ప్రశ్న అడిగాడు. ఎప్పుడైనా, చిన్నప్పుడైనా సరే, ఫిట్స్ వచ్చాయా అని. వచ్చాయి. నాకు తెలుసు. లేదన్నాను.

మేం పుంగనూరులో పెరిగాం. పద్మ నాకంటే ఐదేళ్ళు చిన్నది. బడికి పోయే వయసులో దానికి అది మొదలైంది. పలక మీద రాస్తూ రాస్తూ కళ్ళు పైకి తేలేసేది. చేతులు, కాళ్ళు కొట్టుకునేవి. అప్పుడు అమ్మ ముందు దాని దగ్గరికి పోయేది కాదు. వీధి తలుపు మూసేది. తర్వాత కిటికీ. ఆ తర్వాతే బీరువా తాళాల గుత్తి తెచ్చి దాని గుప్పిట్లో పెట్టేది, ఇనుము పట్టుకుంటే ఆగుతుందని. నా పని రేడియో గొంతు పెంచడం. అది కొట్టుకుంటున్న చప్పుడు పక్కింటికి వినబడకూడదు కదా. ఇప్పటికీ ఎవరింట్లోనైనా పాట గట్టిగా పెడితే నాకు దడ.

పుంగనూరులో డాక్టర్లు లేక కాదు గానీ, తెలిసినవాళ్ళు చూస్తారని మదనపల్లెకు తెచ్చి చూపించేవాళ్ళు. మాత్రలు పాత పౌడరు డబ్బాలో ఉండేవి. బళ్ళో ఎవరైనా అడిగితే పైత్యమని చెప్పాలి. పెద్దమనిషి అయ్యేలోపు ఫిట్స్ ఆగిపోయాయి, డాక్టరు మాత్రలూ ఆపేశాడు. అమ్మ మమ్మల్నిద్దర్నీ దేవుడి పటాల ముందు కూర్చోబెట్టి, ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని ఒట్టు వేయించుకుంది. ఆ ఏళ్ళల్లోనే పద్మకు కీళ్ళ నొప్పులతో పెద్ద జ్వరం కూడా వచ్చింది. గుండె కవాటం చెడింది ఆ జ్వరం వల్లేనని చాలా కాలం తర్వాత తేలింది. ఆ జ్వరం సంగతి అమ్మ వీధంతా చెప్పుకుంది. జ్వరం చెప్పుకోదగ్గ జబ్బు. ఇది కాదు.

పద్మ పెళ్ళిచూపులకు కుప్పం నుంచి మునిరత్నం వాళ్ళు వచ్చినప్పుడు నేను ఎమ్మెస్సీ చదివి ఉద్యోగంలో చేరి ఉన్నాను. మునిరత్నం తల్లి గౌరమ్మ మా అమ్మను అడగలేదు. నన్నే అడిగింది. చదువుకున్న పిల్లవు, నీ నోటితో చెప్పు, పిల్లకు ఏమన్నా నలతలు ఉన్నాయా అని. మా పద్మకు తలనొప్పి కూడా రాదు, నాతో మాట్లాడితే తప్ప, అన్నాను. అందరూ నవ్వారు. గౌరమ్మ కూడా. సంబంధం ఆ నవ్వుతోనే కుదిరింది.

తర్వాత నాకూ గౌరమ్మకూ ఏ విషయంలోనూ పొసగలేదు. బాలింతకు ఏం పెట్టాలి, కోడలు మిషను కుట్టి సంపాదించొచ్చా, బిడ్డను ఏ బళ్ళో వేయాలి, అన్నింటికీ వాదన. అన్నింట్లో నేనే గెలిచేదాన్ని. ఆవిడకు నా నోరంటే భయం, నా మాటంటే మాత్రం నమ్మకం. చుట్టాల్లో ఎవరికి ఏ మందు రాసిచ్చినా, అది మంచిదో కాదో నాకు ఫోన్ చేసి అడిగి మింగమనేది.

పద్మకు ఆయాసం ముదిరి, నాలుగు మెట్లు ఎక్కలేని స్థితికి వచ్చాక, కుప్పంలో రైలెక్కించి బెంగుళూరు తీసుకుపోయాం. కవాటం మార్చాలన్నారు. ఆపరేషన్‌కు ముందురోజు మత్తు డాక్టరు మమ్మల్ని పిలిచాడు. చిన్నవాడు. మీసం కూడా సరిగ్గా రాలేదనిపించింది నాకు. ఆ గదిలో పద్మ, మునిరత్నం, గౌరమ్మ, నేను. మా ఇళ్ళల్లో డాక్టరు ముందు జబ్బుమనిషి మాట్లాడదు. వెంట వచ్చినవాళ్ళలో ఎవరు చదువుకుంటే వాళ్ళు మాట్లాడతారు. అలాంటి చోట్లన్నింటా పద్మ నోరు నేనే.

అతను ఓపిగ్గా వివరించాడు. గుండెను ఆపి ఆపరేషన్ చేస్తారు, అంతసేపూ రక్తాన్ని ఒక యంత్రం తిప్పుతుంది, యంత్రంలో గడ్డకట్టకుండా రక్తాన్ని పలుచన చేస్తారు. అందువల్ల ఆపరేషన్ అయ్యాక రక్తం ఆగకుండా కారే ప్రమాదం ఉంటుంది. అది తగ్గడానికి ఒక మందు ఎక్కిస్తారు. మంచి మందే, రక్తం పోవడం బాగా తగ్గుతుంది, మళ్ళీ గుండె తెరవాల్సిన అవసరం తప్పుతుంది. కొందరికి మాత్రం పడదు, అందుకే కొన్ని అడగాలి అన్నాడు. మందు పేరు చెప్పాడు. నాకు నెలసరి ఆగకుండా అయినప్పుడు ఇక్కడి లేడీ డాక్టరు రాసిచ్చిన మాత్ర పేరే అది. ఓస్, ఇదేనా, నేను మింగిందేగా అనుకున్నాను. నేను మింగిన మాత్ర ఎంత, వాళ్ళు నరంలోకి ఎక్కించేది ఎంత, ఆ లెక్క నాకు తట్టలేదు. జువాలజీ చెప్పే మనిషిని. ఏటా బోర్డు మీద గుండె బొమ్మ గీసి నాలుగు గదులకూ నాలుగు రంగులు వేసే మనిషిని.

ఆ తర్వాత జరిగిన మాటలు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

“ఫిట్స్ ఎప్పుడైనా వచ్చిండాయా మేడమ్? చిన్నప్పుడైనా సరే, ఒక్కసారైనా సరే.”

నేను నోరు తెరిచేలోపే గౌరమ్మ అందుకుంది. “మా కోడలికి అట్లాంటివేం లేవు సామీ. పెండ్లి సూపుల్నాడే అడిగినా. ఈయమ్మే సెప్పింది నాకు.”

డాక్టరు నా వైపు తిరిగాడు. “మీరు చెప్పండి మేడమ్. ఇది చాలా ముఖ్యం.”

పద్మ నన్ను చూసింది. నేను దాన్ని చూడలేదు. చూస్తోందని తెలిసింది, అంతే.

“లేవని చెప్తున్నాం కదా,” అన్నాను. “ఇందాక నర్సు అడిగింది, ఇప్పుడు మీరు అడుగుతున్నారు. ఒకరు రాసింది ఇంకొకరు చదవరా ఈ ఆసుపత్రిలో?”

అతను బెదిరిపోయాడు. సారీ మేడమ్ అని, లేవని రాసుకున్నాడు. నర్సు అడిగిందన్నది కూడా అబద్ధమే. ఆమె బీపీ చూసి వెళ్ళిపోయింది.

యాల చెప్పలేదు? నన్ను నేను అడిగేటప్పుడు మా ఊరి మాటే వస్తుంది. అమ్మకు వేసిన ఒట్టు కోసమా? అమ్మ పోయి అప్పటికే చాలా కాలం. పద్మ కాపురం కోసమా? పెళ్ళయి అన్నేళ్ళయ్యాక, చిన్నప్పటి ఫిట్స్ కోసం మునిరత్నం దాన్ని వదిలేసే రకం కాదు. ఏళ్ళ తరబడి ఈ రెండు కారణాలనే మార్చి మార్చి తొడుక్కున్నాను. పద్మ కూడా అక్కడే ఉంది కదా, తనే చెప్పొచ్చు కదా అని ఇంకొకటి. ఎంత నీచమైన వాదన. చిన్నప్పటి నుంచి దాని నోరు నేను తీసేసుకుని, అవసరానికి అది మాట్లాడలేదని నేరం మోపడం.

అసలు సంగతి ఇది. ఆ గదిలో ఔనంటే గౌరమ్మ ముందు నేను అబద్ధాలకోరునవుతాను. ఎప్పుడూ నా ముందు ఓడిపోయే ఆ మనిషి, ఆ ఒక్కమాటతో అన్ని వాదనలూ ఒకేసారి గెలుస్తుంది. దానికి భయపడ్డాను. నా చెల్లెలి గుండె కోయబోతుంటే నేను చూసుకున్నది అది.

ఇంకొకటి ఉంది. ఇది మా వాళ్ళెవరికీ చెప్పలేదు, ఇప్పటికీ. మీకే చెబుతున్నాను. ఆ సాయంత్రం కింద క్యాంటీన్‌లో ఆ డాక్టరు ఒక్కడే నిలబడి టీ తాగుతున్నాడు. గౌరమ్మ లేదు, మునిరత్నం లేదు. చెప్పడానికే దగ్గరికి వెళ్ళాను. నిజంగా అందుకే వెళ్ళాను. నన్ను చూసి నవ్వి, భయపడకండి మేడమ్, మీ చెల్లెల్ని బాగా చూసుకుంటాం అన్నాడు. పొద్దున అన్ని మాటలన్న దాన్ని. ఇక్కడ వేడినీళ్ళు ఎక్కడ పడతారు అని అడిగాను. పాపం, కప్పు పక్కన పెట్టి, కుళాయి దాకా వచ్చి చూపించాడు. నా దగ్గర సీసా కూడా లేదు. వట్టి చేతులతో కుళాయి ముందు నిలబడ్డాను. గదిలోనైతే నలుగురి ముందు బిగుసుకుపోయాననుకోవచ్చు. కుళాయి దగ్గర నాకు ఏ అడ్డూ లేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. పెద్ద డాక్టరు బయటికి వచ్చి, రక్తం చాలా తక్కువ పోయింది, మందు బాగా పనిచేసింది అన్నాడు. గౌరమ్మ అక్కడికక్కడే నేలకు మొక్కింది. నేను కూడా చెప్పకపోవడమే మంచిదయింది అనుకున్నాను. అలా అనుకున్న సంగతి కూడా మీకు తెలియాలి.

మత్తు దిగే వేళకు పద్మకు ఫిట్స్ వచ్చాయి. ఒకటి ఆగేలోపు ఇంకొకటి. ఐసీయూ అద్దం అవతల నర్సులు పరుగెత్తారు. తెర లాగేశారు. కడ్డీ మీద తెర రింగుల చప్పుడుకు నాకు వీధి తలుపు మూసే అమ్మ గుర్తొచ్చింది.

ఆ కుర్ర డాక్టరు వచ్చి, ఆ మందు కొందరిలో ఇలా చేస్తుంది, ఈమెకు మోతాదు ఎక్కువైందేమో అన్నాడు. గుండె తెరిచినప్పుడు గాలి బుడగ మెదడుకు పోయినా ఇలా అవుతుంది, కచ్చితంగా చెప్పలేం అని కూడా అన్నాడు. ఆ రెండో మాట మేం వినిపించుకోలేదు. మళ్ళీ నన్నే అడిగాడు, ఇంతకు ముందు ఎప్పుడైనా అని. రెండోసారి తలుపు తెరిచి పెట్టాడు నాకు. నేనేం చేశానంటే, వరండా అదిరేలా అరిచాను. మీ తప్పు మా మీద తోస్తారా, ఎంత మందు పోశారు మా పిల్లకు, నలుగురిని పిలుస్తాను, పేపర్లో వేయిస్తాను. నా మాటలు విని మునిరత్నం అతని చొక్కా పట్టుకున్నాడు. మెత్తటి మనిషి మునిరత్నం. ఆ డాక్టరు విడిపించుకోలేదు. చేతులు జోడించాడు. ఆ తర్వాత మా వైపు అతను రాలేదు. ఎక్కడికి మార్చారో, ఏమయ్యాడో తెలియదు. ఏమయ్యాడోనని తెలుసుకోవడానికి కూడా నాకు భయం.

పద్మ బతికింది. ఫిట్స్ మందులతో ఆగాయి. కానీ కుడిచేతి వేళ్ళు మునుపటిలా లేవు. కుప్పంలో జాకెట్లు కుట్టించుకోవాలంటే దాని దగ్గరికే వచ్చేవాళ్ళు. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మాట కోసం ఆగిపోతుంది. గిన్నె అనడానికి అది, అది అంటుంది. అలా ఆగినప్పుడల్లా నేను గబుక్కున మాట అందిస్తాను. ప్రేమతో అని మావాళ్ళు అనుకుంటారు. ఆ ఆగిన చోట అది ఏం అనబోతుందోనని నా బెదురు.

ఇంతవరకూ అయితే బహుశా నాతోనే కాటికి వచ్చేది ఈ సంగతి. ఈ ఏడు పద్మకు మళ్ళీ ఆయాసం మొదలైంది. పెట్టిన కవాటం అరిగిపోయింది, మళ్ళీ గుండె తెరవాలన్నారు. రెండోసారి తెరిస్తే లోపల అంతా అతుక్కుపోయి ఉంటుందట, రక్తం మొదటిసారి కంటే బాగా ఎక్కువ పోతుందట. అంటే ఆ మందు అప్పటికంటే ఇప్పుడు ఎక్కువ అవసరం. కానీ పాత కాగితాల్లో, ఫిట్స్ చరిత్ర లేని మనిషికి ఈ మందుతో ఫిట్స్ వచ్చాయి అని రాసుంది కదా. ఈ మందే ఈమెకు పడదనుకుని, ఇవ్వడానికి వాళ్ళు జంకుతున్నారు. ఇవ్వకుండా చేస్తే రక్తం ఆగుతుందో లేదోనని అదొక జంకు.

మునిరత్నం ఫోన్ చేసి, ఏం భయం లేదొదినా, ఆ మందు పెడితే ఊరుకోనని గట్టిగా చెప్పేసినా అన్నాడు. నీలాగే మాట్లాడినా అని కూడా అన్నాడు, గొప్పగా.

ఫోన్ పెట్టేశాక అర్థమైంది. మొదట నా అబద్ధం పద్మకు ఆ మందు ఎక్కించింది. ఇప్పుడు అదే అబద్ధం ఆ మందు అందకుండా చేస్తోంది. అప్పుడు మెదడు మీదికి వచ్చింది, ఇప్పుడు ప్రాణం మీదికి. నోరు మూసుకుని కూర్చుంటే పద్మ టేబుల్ మీద రక్తం ఆగక ప్రాణం వదులుతుంది, మునిరత్నం వాదనలో గెలిచానని బయట కూర్చుని ఉంటాడు.

మొన్న ఆదివారం కుప్పం బస్సెక్కాను. పుంగనూరు బస్టాండులో బస్సు ఆగినప్పుడు దిగిపోదామనిపించింది. ఫోన్లో చెప్పొచ్చు, ఉత్తరం రాయొచ్చు, అసలు డాక్టరుకు ఒక్కడికే చెప్పొచ్చు, ఇలా ఎన్ని దారులో. సంచి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాను. బస్సు కదిలింది.

పద్మ వాళ్ళింట్లో కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పాను, పుంగనూరు, ఫిట్స్, మాత్రలు, ఆ గదిలో నేను అన్న మాట, వరండాలో అరుపులు. క్యాంటీన్ సంగతి మాత్రం నోటికి రాలేదు. గౌరమ్మ మంచం మీద గోడకు ఆనుకుని వింది. ఈమధ్య ఆవిడకు చూపు తగ్గింది. నా గొంతు వచ్చే వైపు ముఖం పెట్టి, చివరిదాకా ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. నేను ఎదురు చెప్పడానికి ఏదో ఒకటి దొరికేది.

మాట్లాడింది మునిరత్నమే. గొంతు పెంచలేదు.

“ఆయప్ప సొక్కా పట్టుకునింది నేనొదినా. నువ్వు కాదు. నువ్వు సెప్పినావని పట్టుకున్నా. సేతులు జోడించినాడు గదా ఆయప్ప. నేను యాడికి పోయి సెప్పేది ఇప్పుడు?”

సంచిలోంచి ఫోన్ తీశాను.

అక్కడి నుంచే ఆసుపత్రికి ఫోన్ చేశాను, మునిరత్నం పక్కన నిలబడి ఉండగా. ఈసారి మత్తు డాక్టరు ఒకావిడ. ఎన్నో ఏట మొదలయ్యాయి, ఎలా వచ్చేవి, మాత్ర పేరు గుర్తుందా అని అడిగింది. చెప్పాను. ఇప్పుడు దీన్ని ఇంకోలా ఆలోచించొచ్చు, ముందే ఫిట్స్ రాకుండా ఒక మందు ఇచ్చి, ఆ పాత మందు తక్కువ మోతాదులో వాడే వీలుందేమో చూస్తాం, తప్పకుండా అని మాట ఇవ్వలేను అంది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడగలేదు. థ్యాంక్స్ కూడా చెప్పలేదు. పెట్టేసింది.

పద్మ గుమ్మంలో నిలబడి అంతా వింది. నా దగ్గరికి రాలేదు. “అక్కా, నేను గూడా ఆ పొద్దు...” అని ఆగిపోయింది. మాట వెతుక్కుంది. నాకు వెంటనే మూడు మాటలు తట్టాయి, మూడూ నన్ను కాపాడేవే. పళ్ళ బిగువున ఊరుకున్నాను. అది చాలాసేపు వెతికి, దొరక్క, లోపలికి వెళ్ళిపోయింది. ఏం అనబోయిందో నాకు తెలియదు.

ఆసుపత్రికి నన్ను రావొద్దన్నాడు మునిరత్నం. సరేనన్నాను. వచ్చే వారం వాళ్ళు రైలెక్కుతారు. ఆ రోజు నేను కాలేజీకి వెళ్ళి క్లాసు చెబుతానో, ఇంట్లో తలుపేసుకుని కూర్చుంటానో ఇంకా తెలియదు. ఎవరూ ఫోన్ చేయకపోవచ్చు కూడా.

భయం పోయిందా అంటే పోలేదు. చెప్పేస్తే తేలికవుతుందంటారు, ఏమో, ఇది రాస్తున్నా నాకైతే తేలికవలేదు. ఒకటి మాత్రం నిజం. ఇన్నేళ్ళూ నేను భయపడింది దొరికిపోతానని, నా గురించి. ఇప్పుడు పద్మకేమవుతుందోనని భయపడుతున్నాను. అక్కనై ఉండి, ఇదే మొదటిసారి.